కొత్త మంత్రి వచ్చేదాకా

రాయచోటి,
నవంబర్ 4

అన్నకు శిరీన్ సలాం.

నిన్నటి నుంచి నీ ఫోన్ మోగడం లేదు. ఢిల్లీలో మీ ఎంపీ గారి క్వార్టర్‌కు చేస్తే ఎవరో హిందీలో నాలుగు మాటలు చెప్పి పెట్టేశారు. ఇక వేరే దారి తోచక ఆ అడ్రసుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నిన్న మధ్యాహ్నం అంగన్‌వాడీలో పిల్లలకు కోడిగుడ్లు ఒలుస్తుంటే పక్కింటామె వచ్చి, ప్రధానమంత్రి దిగిపోయాడంట అని చెప్పింది. మొదట నాకేమీ అనిపించలేదు. ఎవరు దిగితే మనకేమి, ఎవరు ఎక్కితే మనకేమి అనుకునే దాన్నే కదా ఇన్నేళ్లూ. ఇంకో గుడ్డు ఒలిచేలోపల గుర్తొచ్చింది. ప్రధాని పోతే మంత్రులందరూ పోతారు కదా. మరి మన ఫైలు ఏమవుతుంది?

పోయిన వారమే నువ్వు చెప్పావు. మీ బావను విడిచిపెట్టమని గల్ఫ్‌లో ఆ దేశం వాళ్లకు రాసే ఉత్తరం విదేశాంగ సహాయ మంత్రి టేబుల్ మీదికి వచ్చింది, ఇక సంతకం ఒక్కటే మిగిలింది అన్నావు. ఆ మాట విన్న రోజు ఏడు నెలల తరువాత నేను కడుపు నిండా అన్నం తిన్నాను. బ్రేకులు సరిగా లేని లారీని తోలనన్నందుకు మీ బావ మీద ఆ యజమాని, పారిపోయాడని కేసు పెట్టాడు. దేశం దాటకుండా చేసి క్యాంపులో పడేశారు. ఆ ఎండలకు జ్వరం వచ్చి, కిడ్నీల దాకా పోయింది. ఇదంతా నీకు తెలిసిందే. తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య నాకు ఇది తప్ప వేరే మాటలు రావడం లేదు.

మా అత్త నన్నీ బీ నిన్నటి నుంచి టీవీ ముందు నుంచి లేవలేదు. "ఆ సంతకం పెట్టే ఆయప్ప ఉండాడా, పోయినాడా?" అని ప్రతి వార్తకూ అడుగుతోంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. సమీరా మాత్రం నాన్న వస్తే ఏ స్టేషన్‌లో దిగుతాడని అడిగింది. విమానం అని చెప్పాను. మూడో తరగతి పిల్ల కదా, మళ్లీ స్టేషన్ అనే అంటోంది.

ఒక్క లైను రాసినా చాలు. ఆయన ఇంకా మంత్రేనా కాదా, అది చెప్పు.

నీ చెల్లెలు,
శిరీన్


ఢిల్లీ దగ్గర నుంచి,
నవంబర్ 6

చెల్లెమ్మ శిరీన్‌కు అన్న ఫారూఖ్ దువా.

నీ ఉత్తరం ఈ రోజే చేతికందింది. భయపడవద్దు. ముందు నీ ప్రశ్నకు జవాబు రాస్తాను. ఆయన ఇంకా మంత్రే. ప్రధాని రాజీనామా చేసినా కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసేదాకా పాత మంత్రులే ఉంటారు. కాబట్టి మన ఫైలు ఎక్కడికీ పోలేదు.

నా ఫోన్ ఎందుకు మోగడం లేదంటే, మమ్మల్ని తెచ్చి ఊరి బయట ఒక అతిథి గృహంలో పెట్టారు. మన పార్టీ ఎంపీలు ఏడుగురు. కొత్త ప్రధాని కావాలనుకునే ఆయనకు ఈ ఏడు ఓట్లు కావాలి, ఆయనకు పోటీగా ఉన్న వాళ్లకూ కావాలి. అందుకని ఎవరూ ఎవరితో మాట్లాడకుండా ఎంపీలవి, మా పీఏలవి, చివరికి వంటవాళ్లవి కూడా ఫోన్లన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి తీసుకుపోయారు. సార్ కారు డ్రైవర్ రంగన్న, మన ఓర్వకల్లు మనిషే, రోజూ కూరగాయలు, పేపర్లు తెస్తాడు. ఉత్తరాలు అతని చేతనే రావాలి, పోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీ దగ్గరే ఉంచుకో. కొత్త మంత్రివర్గంలో మన పార్టీకి ఒక సహాయ మంత్రి పదవి ఇస్తామన్నారు. ఏడుగురిలో మూడుసార్లు గెలిచింది మా దేవేంద్రప్ప సార్ ఒక్కరే. ఆయన విదేశాంగ శాఖే అడుగుతున్నారు. మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన జనం ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలుసు. శిరీన్, ఆలోచించు. ఎవరి సంతకం కోసం ఏడు నెలలు తిరిగామో, ఆ కుర్చీలో మన సారే కూర్చుంటే? మార్కెట్ యార్డులో మూటలు మోసి పైకొచ్చిన మనిషి. పేదవాడి కష్టం వేరేవాళ్లు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ చూడాలి నువ్వు. ఒక ఎంపీ తెల్లవారితే తూర్పు గదిలోకి మారతాడు, సాయంత్రానికి పడమటి గది మంచిదని ఎవరో చెబితే మళ్లీ సామాను మోయిస్తాడు. నిన్న ఒక దర్జీని పిలిపించి ఏడుగురూ కోట్లకు కొలతలిచ్చారు. పదవి ఒక్కటే అని దర్జీకి ఎవరూ చెప్పలేదు.

అత్తను టీవీ ముందు నుంచి లేపు. ముస్తాక్ బావతో మాట్లాడినప్పుడు ధైర్యం చెప్పు.

అన్న,
ఫారూఖ్


రాయచోటి,
నవంబర్ 10

అన్నా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగుసార్లు చదివాను. పాత మంత్రే ఇంకా ఉన్నాడన్న చోట ప్రాణం లేచొచ్చింది. ఆ తరువాత మీ సార్ మంత్రి అవుతాడు, కోటు కుట్టిస్తున్నారు అన్న చోటికి వచ్చేసరికి నాకు అర్థం కాలేదు. ఆయన ఇప్పటికీ మంత్రే అయితే, సంతకం ఇప్పుడే పెట్టవచ్చు కదా? మరి ఎందుకు కూర్చున్నావు అక్కడ?

శుక్రవారం మీ బావ ఫోన్ చేశాడు. ఇచ్చేది అయిదు నిమిషాలే. వారానికి రెండుసార్లు రక్తం కడిగేవాళ్లు, ఇప్పుడు ఒక్కసారే చేస్తున్నారంట. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదన్నాడు. ఆ మాట నవ్వుతా చెప్పాడు. తరువాత, "శిరీనూ, ఊర్లో వానలు పడినాయా?" అని అడిగాడు. పడ్డాయని చెప్పాను. పడలేదు. కడప వైపు పడ్డాయి, మనకు మబ్బు పట్టి పోయింది. ఆయనకు ఆ ఒక్కటైనా మంచి మాట చెబుదామని అలా అన్నాను.

నువ్వు నీ దగ్గరే ఉంచుకో అన్నావు. నేను ఉంచుకున్నాను. మా అత్త ఉంచుకోలేదు. నేను చదువుతుంటే పక్కన కూర్చుని విని, మధ్యాహ్నానికల్లా వీధంతా చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి ఇంటికి జనం వస్తున్నారు. ఒకాయన కొడుకు ట్రాన్స్‌ఫర్ కాగితం తెచ్చాడు. ఇంకొకామె తమ్ముడు అక్కడే ఇంకో ఊర్లో చిక్కుకున్నాడంట, పాస్‌పోర్ట్ జెరాక్స్ ఇచ్చి ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పను? మనకే దిక్కు లేదు తల్లీ అని చెప్పలేక కాగితం తీసుకుని బీరువాలో పెట్టాను.

అన్నా, నాకు కొత్త మంత్రి వద్దు. మన మనిషి మంత్రి కావడం వద్దు. ఆ పాతాయన దగ్గరికి నువ్వు పో. కాళ్లు పట్టుకునే పని అయితే పట్టుకో. ఆ పని నన్ను చేయమంటే నేనే వచ్చి చేస్తాను.

శిరీన్


ఢిల్లీ దగ్గర నుంచి,
నవంబర్ 11

ప్రియమైన శిరీన్‌కు,

నీ నుంచి ఇంకా జవాబు రాలేదు. వచ్చేలోపల శుభవార్త రాద్దామని కూర్చున్నాను.

పేరు దాదాపు ఖాయమైనట్టే. మన పార్టీ అధ్యక్షుడు నిన్న వచ్చి సార్‌తో గది తలుపు మూసి గంటసేపు మాట్లాడారు. బయటికి వచ్చాక సార్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఫారూఖూ, సోమవారం దాకా నోరు కుట్టేసుకోప్పా" అన్నారు. పదిహేడో తారీఖు సోమవారం ప్రమాణం. పదేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఎన్నడూ నా భుజం మీద చెయ్యి వేయలేదు.

ఇంకొక మాట. పాత మంత్రి ఆఫీసులో జెస్సీ అని ఒక గుమస్తా ఉంది, మన కడప పిల్లే. రంగన్న చేత కబురు పంపింది. మంత్రి ఈ వారంలో టేబుల్ మీది ఫైళ్లన్నీ చూసేస్తాడంట, మన ఎంపీ సిఫారసు ఉత్తరం ఒకటి జత చేస్తే మనదీ అయిపోతుందంట. సార్‌కు చెప్పాను. దిగిపోయే మనిషి సంతకానికి విలువ ఏముంటుంది, నాలుగు రోజులాగితే ఏ అడ్డూ లేకుండా మనమే చేసుకుంటాము కదా అన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. తొందర లేదని జెస్సీకి కబురు పంపాను. ఆ అమ్మాయి మంచిదే, కానీ చిన్న ఉద్యోగి. పైన జరిగేది ఆమెకు తెలియదు.

మంత్రి పేషీలో నాకు కూడా చోటు ఉంటుందని సార్ అన్నారు. నాయన బతికి ఉంటే ఎంత సంతోషపడేవాడో. ఓర్వకల్లులో రాళ్ల గుట్టల కింద కంకర కొట్టిన మనిషి కొడుకు మంత్రి పేషీలో కూర్చుంటాడని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

నన్నీ బీ అత్తకు నా సలాం చెప్పు. సమీరాకు ఢిల్లీ నుంచి ఏం కావాలో అడిగి రాయి.

ఇట్లు,
ఫారూఖ్


ఢిల్లీ దగ్గర నుంచి,
నవంబర్ 14, సాయంత్రం

శిరీన్,

నీ పదో తారీఖు ఉత్తరం ఈ పొద్దున పదింటికి రంగన్న తెచ్చి ఇచ్చాడు. వారానికి ఒక్కసారే అన్న చోట ఆగిపోయాను. మొన్న నేను రాసిన ఉత్తరం ఈపాటికి నీ దారిలో ఉంటుంది. అది వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండేది.

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెంటనే సార్ దగ్గరికి పోయాను. కొత్త కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. నీ ఉత్తరంలోని సంగతి చెప్పాను.

"సార్, ఆ మంత్రి సోమవారం దాకా ఆగకుండా ఈ పొద్దే గది ఖాళీ చేస్తాడని జెస్సీ మళ్లీ కబురు పంపింది. మీ ఉత్తరం ఒకటి ఇస్తే చాలు. నేను పోయి గంటలో వస్తా" అన్నాను.

"ఆయన పాత ప్రధాని మనిషి. ఈ దినం నా పీఏ ఆయన గడప తొక్కినాడని బయటికి పొక్కితే నా పేరు యాడుంటాదప్పా? మూడు దినాలు ఓర్చుకో. మంత్రిగా నా మొదటి సంతకం మీ బావదే."

"కాళ్లు వాచిపోయినాయంట సార్."

"మూడు దినాలే కదప్పా," అన్నారు. ఆ మాట కోపంగా అనలేదు, నన్ను బతిమాలుతున్నట్టే అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఈ పదవి కోసం కాచుకున్న మనిషి. ఆయన కళ్లలో కనిపించిన భయం చూసి బయటికి వచ్చాను.

కానీ కూర్చోలేకపోయాను. పీఏల దగ్గర ఎంపీ సంతకం చేసిన ఖాళీ లెటర్‌హెడ్లు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. దాని మీద నేనే ఉత్తరం రాశాను. ఆయనకు చెప్పకుండా, ఆయన వద్దన్నాక రాశాను. కూరగాయలు తెచ్చిన వ్యానులో ఖాళీ గంపల మధ్య కూర్చుంటే రంగన్న గేటు దాటించాడు. దారిలో కాబోయే ప్రధాని ఎవరినో కలవడానికి పోతున్నాడని గంటకు పైగా రోడ్డు ఆపేశారు. నేను దిగి పరుగెత్తాను. చేరేసరికి మూడున్నర.

మంత్రి ఒంటి గంటకే తన ఊరికి విమానమెక్కాడు. తలుపు పక్కన ఆయన పేరు పలక తీసేసిన చోట నాలుగు మేకు రంధ్రాలు ఉన్నాయి. లోపల ఇద్దరు కుర్రాళ్లు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

జెస్సీ నన్ను చూసి మన ఫైలు బయటికి తీసింది. తరువాత, "మూడు దినాలు ఆ ఫైలు పైనే పెట్టుకుని చూసినా అన్నా. మంత్రి రెండుసార్లు అడిగినాడు, ఎంపీ ఉత్తరం వచ్చిందా అని," అంది. నా చేతిలో ఉన్న ఉత్తరం తీసుకుని ఫైలులో పెట్టి తాడు కట్టింది. కొత్త మంత్రి వచ్చాక చూపిస్తానంది.

సోమవారం మన సారే వస్తారు. ఇంకా ఆ ఆశ ఉంది. 

ఫారూఖ్


రాయచోటి,
నవంబర్ 15

నీ పదకొండో తారీఖు ఉత్తరం ఇప్పుడే వచ్చింది.

తొందర లేదని కబురు పంపావా?

ఎవరికి లేదు తొందర? నీకా, మీ సార్‌కా? ఆ జెస్సీ ఎవరో నాకు తెలియదు. చిన్న ఉద్యోగి అని రాశావు. ముఖం చూడని మనిషి కోసం ఆమె తనంతట తాను కబురు పంపింది. నువ్వు నా తోడబుట్టినవాడివి, నీ భుజం మీద ఎవరో చెయ్యి వేశారని సంతోషపడుతూ కూర్చున్నావు.

నిన్న మీ బావ ఫోన్ చేశాడు. అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు ఊపిరి తీసుకోవడానికే సరిపోయింది. సమీరా ఫోన్ తీసుకుని బడిలో వాళ్ల టీచర్ సంగతులు చెబుతూ ఉంటే, ఆయన ఊ అని కూడా అనలేకపోయాడు. పిల్లకు కోపం వచ్చి ఫోన్ నా చేతికి ఇచ్చి వెళ్లిపోయింది. నాన్నకు తన మాటలంటే ఇష్టం లేదనుకుంది.

ఇక్కడ సంగతి కూడా విను. బస్టాండ్ దగ్గర మీ సార్ బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. కాబోయే కేంద్ర మంత్రికి శుభాకాంక్షలు అని. కింద మూలలో నీ ఫోటో కూడా వేశారు. పాత ఫోటో, నీ పెళ్లికి తీసింది. మా అత్త పోయి చూసొచ్చి ముసుగులో కళ్లు తుడుచుకుంది. నేను ఆ దారిన పోవడం మానేశాను.

మీ బావ ఇల్లు చేరేదాకా ఈ ఇంటికి రావద్దు. నీ ముఖం నేను చూడలేను.

శిరీన్


ఢిల్లీ,
నవంబర్ 19

శిరీన్‌కు,

నీ పదిహేనో తారీఖు ఉత్తరం ఈ పొద్దున అందింది. ప్రతి మాటా చదివాను. 

టీవీలో చూసే ఉంటావు. మంత్రుల జాబితాలో మన సార్ పేరు లేదు. ప్రమాణానికి రమ్మని పిలుపు ఫోన్‌లో వస్తుందంటే, ఆదివారం సాయంత్రం గుడ్డ సంచిలోంచి ఏడుగురి ఫోన్లూ తెచ్చి టేబుల్ మీద పరిచారు. ఏడుగురూ చుట్టూ కూర్చుని వాటినే చూస్తూ ఉన్నారు. సోమవారం పదకొండింటికి ఒక ఫోన్ మోగింది. అది తొలిసారి గెలిచిన ఎంపీది. ఆయనకే ఇంకేదో శాఖ ఇచ్చారు. సార్ కోటు వేసుకుని నాలుగింటి దాకా కుర్చీలోనే ఉన్నారు. అన్నం తెస్తే వద్దన్నారు. టీవీలో ప్రమాణాలు మొదలయ్యాక లేచి కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

తరువాత నన్ను పిలిచారు. శుక్రవారం నేను గేటు దాటిన సంగతి, పాత మంత్రి ఆఫీసులో కనిపించిన సంగతి శనివారానికే అధ్యక్షుడి చెవిన పడ్డాయంట. దేవేంద్రప్ప రెండు పడవల్లోనూ కాలు పెట్టినాడు అనుకున్నారంట. పేరు కొట్టేశారు.

"నువ్వు పోయినావా?"

"పోయినా సార్. మీ లెటర్‌హెడ్ మీద రాసుకొని పోయినా."

ఆయన కుర్చీకి తగిలించిన కోటు వైపే చూశారు. "నేను మూటలు మోసిన దినాల్లో గూడ నా వెనక ఎవురూ నన్ను ఇట్ల ముంచలేదు ఫారూఖూ," అన్నారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. నా సామాను తీసుకుని వెళ్లమన్నారు. వెళ్లాను.

పోవాల్సిన రోజున పోలేదు. పోకూడని రోజున పోయాను. సంతకమూ రాలేదు, పదవీ పోయింది. ఈ రెండూ నా చేతుల మీదుగానే జరిగాయి.

ఇప్పుడు ఒక తెలుగు మెస్‌లో ఉంటున్నాను. కొత్త సహాయ మంత్రిది చాలా దూరపు రాష్ట్రం. ఆయన భాష నాకు రాదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్క ముఖం కూడా తెలియదు. రోజూ పొద్దునే ఆ ఆఫీసు గేటు దగ్గర నిలబడతాను. నా ఫోన్ నా దగ్గరే ఉంది. నువ్వు చేయమంటే చేస్తాను. రమ్మనేదాకా రాను.

ఫారూఖ్


రాయచోటి,
నవంబర్ 24

అన్నా,

పద్నాలుగో తారీఖుది ఎక్కడ ఆగిపోయిందో, పందొమ్మిదో తారీఖుదీ అదీ రెండు ఉత్తరాలూ కలిసి వచ్చాయి. నువ్వు వ్యానులో పోయావని, రోడ్డు మీద పరుగెత్తావని నాకు తెలియక ముందే ఆ ఉత్తరం రాశాను. తెలిసి ఉంటే కొన్ని మాటలు రాసేదాన్ని కాదు. కొన్ని రాసేదాన్నే.

ఫోన్ చేయవద్దు. నీ గొంతు వింటే నేనేమంటానో నాకే తెలియదు. రాసి పంపు.

ఈ శుక్రవారం మీ బావ ఫోన్ రాలేదు. పొద్దున నుంచి మేము ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాము. శనివారం ఎవరో మనిషి చేశాడు, క్యాంపులో ఆయన పక్క మంచం మీద ఉండేవాడంట. ముస్తాక్‌ను ఆస్పత్రికి తీసుకుపోయారు, మాట్లాడే స్థితిలో లేడు అన్నాడు. ఏ ఆస్పత్రి అని అడిగేలోపల కట్ అయింది. ఆ నంబరుకు మళ్లీ చేస్తే పోవడం లేదు.

మా అత్త టీవీ కట్టేసింది. నిన్నటి నుంచి జానమాజ్ పరుచుకుని నమాజులోనే ఉంది. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ పీకేశారంట. మొన్నటి దాకా కాగితాలు తెచ్చినవాళ్లు వచ్చి తమ కాగితాలు తాము తీసుకుపోయారు. పాస్‌పోర్ట్ జెరాక్స్ ఇచ్చిన ఆమె మాత్రం రాలేదు. ఆమె ఇంకా మన మీద ఆశ పెట్టుకుని ఉందేమో.

నేను కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాను. మంచి మనుషులే, కూర్చోబెట్టి విన్నారు. పై నుంచి ఉత్తరం రావాలన్నారు. ఎక్కడ తిరిగినా ఆ ఒక్క సంతకం దగ్గరికే వస్తున్నాను.

నువ్వు ఇప్పుడు రావద్దు. ఆ గేటు దగ్గరే ఉండు. వాళ్లు తరిమితే రోడ్డు అవతల నిలబడు. ఆ జెస్సీకి నా సలాం చెప్పు. ఆమె మాట ఒక్కటీ పోనివ్వకుండా విను.

శిరీన్


ఢిల్లీ,
నవంబర్ 28

శిరీన్,

సంతకం అయింది.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు. ఉత్తరం సాయంత్రమే అక్కడి మన రాయబార కార్యాలయానికి పంపేశారు. నకలు ఒకటి దీనితో పంపుతున్నాను. కలెక్టరాఫీసులో చూపించు.

ఎలా జరిగిందో రాస్తాను. నా వల్ల జరగలేదు. ఎనిమిది రోజులు గేటు దగ్గర నిలబడ్డాను, మంత్రి కారు అద్దం ఒక్కసారి కూడా దిగలేదు. జెస్సీ మన ఫైలును అత్యవసరమైనవాటి కట్టలో పైన పెట్టింది. కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన తిరగేసి, ఈ ఎంపీ ఉత్తరం మీద తారీఖు ఆయన అతిథి గృహంలో ఉన్న రోజుది కదా, ఇది నిజంగా ఆయన రాసిందేనా అని అనుమానపడ్డాడంట. జెస్సీ ఎదుటే ఆ అధికారి మన సార్‌కు ఫోన్ చేశాడంట.  సార్ ఒక్క మాట, అది దొంగ ఉత్తరం అని అంటే ఫైలూ పోయేది, నేనూ జైలుకు పోయేవాణ్ని.

సార్ తారీఖు ఇంకోసారి చదివించుకున్నారంట. తరువాత, "నాదే. నేను రాసిందే. ఆ మనిషిని తొందరగా పంపించండి," అన్నారంట.

నేను ఆయన ఇంటికి పోయాను. లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర రంగన్న వచ్చి, సార్ నిన్ను చూడనన్నాడు అన్నా, కానీ మీ బావ ఎట్లుండాడో కనుక్కొని రమ్మన్నాడు అని చెప్పాడు. ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పి వచ్చేశాను.

కొత్త మంత్రి మన ఎంపీ ఎవరో, మన పార్టీ ఏదో అడగలేదంట. చదివి, సంతకం పెట్టి, తరువాతి కాగితం తీసుకున్నాడంట. పూర్తిగా ఒక్క నిమిషం పని అని జెస్సీ చెప్పింది. మెస్‌కు తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుంటే మెస్ యజమాని గిడ్డయ్య, అన్నం చల్లారిపోతాండాదని రెండుసార్లు పిలిచాడు. లేవలేకపోయాను.

బావను ఏ ఆస్పత్రిలో పెట్టారో కనుక్కున్నాము. ఉన్నాడు. అంతవరకే చెప్పారు.

ఫారూఖ్


రాయచోటి,
డిసెంబర్ 22

అన్నా,

మీ బావ ఇల్లు చేరాడు.

పదమూడో తారీఖున చెన్నైలో దించారు. చక్రాల కుర్చీలో తోసుకొచ్చిన మనిషిని చూసి, ఇంకెవరో అనుకుని పక్కకు తప్పుకున్నాను. ఆయనే నన్ను పేరు పెట్టి పిలిచాడు. అక్కడి నుంచి నేరుగా కడప ఆస్పత్రికి తెచ్చాము. ఎనిమిది రోజులు ఉండి నిన్న ఇంటికొచ్చాము. సమీరా మొదటి రోజు దగ్గరికి పోలేదు. ఈ పొద్దున ఆయన మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

నీకు ఒక సంగతి రాయాలి. రాయకుండా ఉండాలని వారం రోజులు చూశాను, చేతకాలేదు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి నన్ను బయటికి పిలిచింది. "ఇది మొదట్లో జ్వరానికి వచ్చిన దెబ్బే. సరిగా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేసి ఉంటే కిడ్నీలు కోలుకునేవేమో. ఒక నెల ముందు తెచ్చింటే చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు బతికినంత కాలం మిషన్ మీదే," అంది. ఏమో అనే అంది. ఖాయంగా అనలేదు. ఆ ఏమో అన్న మాట దగ్గరే నేను రోజూ ఆగిపోతున్నాను. నేను తారీఖులు లెక్కపెట్టాను. నువ్వూ పెడతావని తెలుసు.

మీ బావకు ఇవేమీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా బావమరిది ఉద్యోగం పోగొట్టుకుని, గేటు దగ్గర నిలబడి తనను విడిపించాడని. మా అత్త అలాగే చెప్పింది. వచ్చినవాళ్లందరికీ అదే చెబుతోంది. చెన్నైలో దిగగానే ఆయన అడిగిన రెండో మాట, "ఫారూఖ్ యాడ?" అని. రోజూ అడుగుతున్నాడు. ప్రతి నమాజులోనూ నీ పేరు ఎత్తి దువా చేస్తున్నాడు. పక్కన కూర్చుని ఆమీన్ అంటున్నాను. 

నేను చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. అది నేను చెప్పాల్సింది కాదు. నువ్వు వ్యానులో పోయింది నిజమే, గేటు దగ్గర నిలబడింది నిజమే. తొందర లేదని కబురు పంపింది కూడా నిజమే. మూడూ ఆయనకు తెలియాలి. సగం తెలిసి ఆయన నిన్ను ప్రేమిస్తే, ఆ ప్రేమ నీకు కూడా వద్దనే అనుకుంటాను.

ఇంటికి రావద్దని రాశాను. ఇప్పుడు రమ్మని రాస్తున్నాను. వచ్చి నువ్వే చెప్పు. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. పదమూడేళ్లు కాపురం చేసినా ఈ ఒక్కటి ఊహించలేకపోతున్నాను. ఏమన్నా సరే, నువ్వు చెబుతున్నంతసేపూ నేను వంటింట్లోకి పోను. అక్కడే, మీ ఇద్దరి మధ్య కూర్చుంటాను.

మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే కడపకు పోయి సాయంత్రానికి వస్తాము. ఆ మూడు రోజులూ ఇంటికి తాళం ఉంటుంది. మిగతా ఏ రోజైనా రా.

శిరీన్